నేలపట్టు చెరువు గట్టున ఒక ఉదయం



ఈ పూట నేను మీకు కొత్త వంగడాలను గురించి గాని, ఎరువుల మోతాదులను గురించి గాని చెప్పబోవటం లేదు. పిట్టలను చూడటాన్ని గురించి చెప్పబోతున్నాను. "పొలంలో ఇంత పని పెట్టుకొని పిట్టల్ని చూస్తూ కూర్చోవటమేమిటి? పనిలేనివాళ్ళ పని గదా!" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కొంతకాలం క్రిందటి వరకూ నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. నా అభిప్రాయం ఎందుకు మారిందో, దానికీ మన సేద్యానికీ సంబంధమేమిటో చెబుతాను. కాస్త ఓపికగా వినండి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా మండలం రైతులు పదకొండుమందీ, నేనూ కలిసి నేలపట్టు వెళ్ళాము. ఈ నేలపట్టు దొరవారిసత్రం మండలంలో వున్నది. 2022 వరకూ నెల్లూరు జిల్లాలో వుండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. 1976లో ప్రభుత్వంవారు దీనిని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు, అంటే 1,130 ఎకరాల పైచిలుకు. అందులో చెరువు భాగం ఐదో వంతుకు కూడా రాదు. తక్కినదంతా చిట్టడవి. అయితే పక్షులకు ప్రాణమంతా ఆ చెరువులోనే వున్నది.

పక్షులను చూడాలంటే పొద్దు పొడవకముందే చేరవలెనని చెప్పారు. అందుచేత మేము రాత్రి రెండు జాములకే లేచి బయలుదేరి, ఇంకా మసక చీకటి వుండగానే చెరువు గట్టు ఎక్కాము. ముందుగా మమ్మల్ని పలకరించినది వాసన. చేపల వాసనా, రెట్ట వాసనా కలిసి ఘాటుగా కొట్టింది. మాలో ఒకరిద్దరు తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మాతో వచ్చిన ఒక పెద్దాయన మాత్రం గట్టిగా గాలి పీల్చి, "ఏంది నాయనా, ముక్కు మూసుకుంటారు? ఇది ఎరువు వాసన గదా!" అన్నాడు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. చదువుకున్నది తక్కువ, చూసినది ఎక్కువ.

కొంచెం వెలుతురు రాగానే చెట్లు కనిపించినవి. నీళ్ళ మధ్యలో నిలబడి పెరిగే చెట్లు అవి. అక్కడివారు నీటి కడప చెట్లంటారు. మామూలు చెట్టు వేళ్ళు నెలల తరబడి నీటిలో మునిగి వుంటే కుళ్ళిపోతుంది. ఈ చెట్టు అట్లా కాదు, నీటిలో వుండే బ్రతుకుతుంది. పక్షులు వీటిమీదనే ఎందుకు గూళ్ళు కడతాయంటే, చుట్టూ నీళ్ళున్నంత వరకూ పిల్లులు, నక్కలు వంటివి గూటి దాకా పోలేవు. నీరే వాటికి కంచె. చెరువు ఎండితే ఆ కంచె పోయినట్లే.

వాన సరిగా కురిసి ఈశాన్య ఋతుపవనాలకు చెరువు నిండితే అక్టోబరు మొదలుకొని పక్షులు వస్తాయి. గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, మార్చి దాటేసరికి వెళ్ళిపోతాయి. మేము వెళ్ళినది జనవరి గనుక గూళ్ళనిండా పిల్లలున్నవి.

అక్కడున్న వాటిలో పెద్దది గూడబాతు. దాని ముక్కు క్రింద సంచి వంటి తోలు వ్రేలాడుతూ వుంటుంది. తల్లిపక్షి పులికాటు సరస్సుకో, చుట్టుపక్కల చెరువులకో పోయి చేపలు పట్టి మ్రింగి వస్తుంది. రాగానే పిల్ల తన తలను తల్లి నోటిలోకి దూర్చి, అది పైకి తెచ్చిన చేపలను తింటుంది. దుర్భిణిలో ఆ దృశ్యం చూసి మావాళ్ళు ఒకరి చేతిలోనుంచి ఒకరు దుర్భిణి లాక్కున్నారు.

దాని పక్క కొమ్మలమీద నత్తగుల్ల కొంగ. దీని ముక్కు రెండు భాగాలూ మధ్యలో కలియవు, సందు వుంటుంది. చిన్నపిల్లగా వున్నప్పుడు ఆ సందు వుండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఆ ముక్కుతో నత్తగుల్లలోని మాంసాన్ని నేర్పుగా బయటికి లాగి తింటుంది. ఎర్రకాళ్ళ కొంగ, తెల్లకంకణం, తెడ్డుమూతి కొంగ, నీటికాకి, చిన్న తెల్లకొంగ ఇట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాము. చింతవక్కలు మాత్రం అప్పుడే పని ముగించుకొని వస్తున్నాయి. అవి రాత్రిపూట మేతకు పోయి తెల్లవారుజామున తిరిగి చేరే జాతి. పగటి కూలీలు దిగే వేళకు రాత్రి కావలివాళ్ళు ఇంటికి పోయినట్లుగా వున్నది.

ఇంతలో పొద్దు పొడిచింది. చెట్లమీది పక్షులు గుంపులు గుంపులుగా లేచి నాలుగు దిక్కులకూ పోసాగినవి. మేమందరమూ ఆ అందం చూస్తూ నిలబడ్డాము. పెద్దాయన మాత్రం అవి పోయే దిక్కు చూస్తున్నాడు. కాసేపటికి నాతో అన్నాడు.

"సారూ, ఈ చెరువు సర్కారుది. చెట్లు సర్కారువి. ఆ కంచె, ఆ బోర్డు అన్నీ సర్కారువే. కానీ ఈ పిట్టలు ఇప్పుడు పోయేది యాడికి? మన మడుల్లోకే గదా?"

నేను ఔనన్నాను.

"అయితే గూడు సర్కారుది, కూడు మనది!" అన్నాడు.

సోదరులారా, ఆ ఒక్క మాటలో ఎంతో వున్నది. ప్రభుత్వం ఎన్ని ఎకరాలకు కంచె వేసినా అది గూటికి రక్షణ మాత్రమే. ఆ పక్షి ప్రతి ఉదయం కంచె దాటి మన చేలలోకి, కాలువలలోకి, మన ఊరి కుంటలలోకి వస్తుంది. అక్కడ దొరికినది తిని, పిల్లకు తీసుకుపోయి పెడుతుంది. మనం చేలో ఏమి చల్లితే అది ఆ గూటికి చేరుతుంది. కాబట్టి అక్కడి పిల్లలు బ్రతకడం, బ్రతకకపోవడం మన చేతిలో కూడా వున్నదన్నమాట.

ఆ మాట వినగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. చెప్పుకోవటానికి సిగ్గే అయినా, ఇతరులకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

నేను డిప్లొమా ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన సంవత్సరం. ఒక రైతు తల్లి, రెండెకరాల ఆసామీ, నా దగ్గరకు వచ్చి, "నాయనా, నారుమడిలో అక్కడక్కడ ఆకు పండుబారుతున్నది, ఏమి చేయమంటావు?" అని అడిగింది. నేను పొలం వెళ్ళి చూడలేదు. కాండం తొలిచే పురుగే అయివుంటుందని, గుళికల మందు చల్లమని కూర్చున్నచోటనే చెప్పివేశాను. ఆమె నా మాట నమ్మి చల్లింది. మరునాడు ప్రొద్దున మళ్ళీ వచ్చి, ఏమీ మాట్లాడకుండా నన్ను మడి దగ్గరకు తీసుకువెళ్ళింది. గెనిమమీద తెల్లకొంగలు చచ్చిపడి వున్నాయి. పదిహేడు. వాటి పక్కనే గోరింకలు నాలుగు. ఆమె వాటిని వరుసగా పేర్చి పెట్టింది. "నాయనా, ఇవి ఏ పురుగు కిందికి వస్తాయి?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మడిలోకి దిగి వెతికి చూస్తే పురుగూ లేదు, గుడ్ల సముదాయమూ లేదు. ఆకు పండుబారటానికి కారణం జింకు లోపం. ఇద్దరమూ గుంట తీసి వాటిని పూడ్చాము. ఆమె పొరుగింటి పిల్లలు ఆ కాలువలోనే చిన్నచేపలు పట్టుకుంటూ వుంటారట. ఆమె అప్పటికే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అటు పోనివ్వవద్దని చెప్పి వచ్చింది. ఆ జాగ్రత్త నేను చెప్పవలసినది, ఆమె చేసింది.

కార్బోఫ్యూరాన్ వంటి గుళికలు పక్షులకు అతి ప్రమాదకరమైన విషాలు. గింజ అనుకొని, రాతినలుసు అనుకొని కొన్ని పక్షులు తింటాయి. మందు తిని కొట్టుకునే పురుగును పట్టుకు తినే కొంగకు ఆ పురుగే ఉరి అవుతుంది. ఇది మన ఒక్కరి కథ కాదు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో 1995, 1996 సంవత్సరాలలో మిడతలకని పొలాలమీద మోనోక్రోటోఫాస్ చల్లారు. ఆ మిడతలను తినటానికి వచ్చిన ఒక జాతి గద్దలు సుమారు 20,000 చచ్చిపోయినవని అంచనా. ఆ గద్దలు రైతు పని చేసిపెట్టటానికే వచ్చినవి! మన దేశంలో 2005లో కూరగాయల పంటలమీద ఈ మందు వాడకాన్ని నిషేధించారు. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్నే నిషేధించారు. ఇంట్లో పాత సీసా ఏదైనా మూలన పడివుంటే దాన్ని వాడవద్దు, కాలువలో పారవేయనూ వద్దు. మీ వ్యవసాయశాఖ సిబ్బందికి చూపించి, ఏమి చేయవలెనో అడగండి.

మళ్ళీ చెరువు గట్టుకు వద్దాము. పెద్దాయన "ఎరువు వాసన" అన్నాడని చెప్పాను గదా. ఆ మాటలో శాస్త్రమున్నది. వేలాది పక్షులు నెలల తరబడి చెట్లమీద వుంటే వాటి రెట్ట అంతా చెరువు నీటిలో పడుతుంది. రెట్టలో నత్రజని, భాస్వరం వుంటాయి. ఆ నీరు తూము గుండా ఆయకట్టుకు పారితే పైరుకు నీరూ, బలమూ రెండూ అందుతాయి. నేలపట్టు ప్రాంతపు రైతులు ఈ సంగతి ఎప్పటినుంచో ఎరుగుదురు. దక్షిణ అమెరికాలోనే పెరూ దేశపు తీరాన దీవులమీద సముద్రపక్షుల రెట్ట గుట్టలు గుట్టలుగా పేరుకొని వుండేది. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా దేశాలవారు దాన్ని ఓడలకొద్దీ కొని తెచ్చుకొని పొలాలకు వేసుకున్నారు. అక్కడ డబ్బు పోసి కొన్న వస్తువు ఇక్కడ తూములోనుంచి ఉచితంగా వస్తున్నది. అయితే ఒక మాట. చెరువు నీరు బలమైనదని ఎరువులు పూర్తిగా మానుకోవద్దు, అలవాటుకొద్దీ బస్తాలు కుమ్మరించనూ వద్దు. భూసార పరీక్ష చేయించి, దాని ప్రకారం వేసుకోండి.

తమిళనాడులో వేడంతాంగల్ అని ఇటువంటిదే మరొక చెరువున్నది. అక్కడి రైతులు రెండు వందల ఏళ్ళకు పూర్వమే పక్షులవల్ల తమ పొలాలకు కలిగే లాభం గుర్తించారు. తెల్లదొరల సిపాయిలు పక్షులను తుపాకులతో కాలుస్తూ వుంటే ఊరివారు చెంగల్పట్టు కలెక్టరుతో మొరపెట్టుకున్నారు. 1798లో ఆ కలెక్టరు పక్షులను కాపాడుకునే హక్కు ఊరివారికి ఇస్తూ కౌలు వ్రాసి ఇచ్చాడు. 1858లో దాన్ని మళ్ళీ ఖాయపరిచారు. కౌలు అంటే మనకందరికీ తెలిసిన మాటే. భూమికి కౌలు వ్రాయించుకున్న రైతులను చూశాము గాని, పిట్టలకోసం కౌలు వ్రాయించుకున్న రైతులు వాళ్ళు! ఆ పని చేసినవారు పొలం దున్నుకునేవారేనని గుర్తుంచుకోండి.

ఇక మనం చేయగలిగిన పనులేమిటో చెబుతాను.

మొదటిది, చూడకుండా చల్లవద్దు. పైరులో దిగి, పురుగు వున్నదా, వుంటే ఎంత వున్నదని లెక్కించండి. నష్టపరిమితి దాటితేనే మందు మాట తలపెట్టండి. అప్పుడైనా ముందుగా వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు వంటివి ఆలోచించండి. మీకు సలహా చెప్పే అధికారి పొలం చూడకుండా చెబితే, "ముందు వచ్చి చూడండి" అని గట్టిగా అడగండి. అడిగే హక్కు మీకున్నది. నన్ను ఆనాడు ఆ తల్లి అట్లా అడిగివుంటే ఎంత బాగుండేది!

రెండవది, పక్షి స్థావరాలు. కంది, శనగ, ప్రత్తి చేలలో ఎకరానికి పది పదిహేను చోట్ల, పైరుకన్న ఎత్తుగా, అడ్డకర్ర కట్టిన గుంజలు పాతండి. పసులపోలిగాడు, పాలపిట్ట, గోరింక వాటిమీద వ్రాలి పచ్చపురుగులను ఏరి తింటాయి. అయితే వరి, జొన్న వంటి పంటల్లో పాలుపోసుకునే దశ రాగానే ఆ గుంజలను పీకివేయండి. లేకపోతే గింజ తినే పిట్టలకు అదే ఆసనమవుతుంది.

మూడవది, ఎలుకల సంగతి. గుడ్లగూబను చూసి అపశకునమంటాము. పెట్టుబడి లేకుండా రాత్రంతా ఎలుకలను పట్టే కాపరి అది. ఎలుకలకు ఎర పెట్టేటప్పుడు బొరియ లోపల పెట్టి మూయండి. చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చండి. బయట వదిలివేస్తే వాటిని తిన్న గుడ్లగూబకూ, ఊరకుక్కకూ కూడా ముప్పే.

నాల్గవది, మందు కొట్టిన డబ్బాలూ, పంపులూ చెరువులో కడగవద్దు. ఆ చెరువులోనే మన గొడ్డూ త్రాగుతుంది, చేపా బ్రతుకుతుంది.

అయిదవది, నీటి సంగతి. మీ చెరువులో చెట్లమీద గూళ్ళున్నప్పుడు పిల్లలు ఎగిరేదాకా చెట్ల మొదట కొంచెం నీరు నిలిచేటట్లు చూసుకోండి. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎంత వదలవలెనో ఆయకట్టుదారులందరూ కూర్చొని అనుకుంటే పైరూ ఎండదు, పిల్లలూ చావవు. నీరు తక్కువైన ఏడాది ఇది కష్టమే, కాదనను. అందుకే పంట వేయకముందే మాట్లాడుకోవటం మంచిది.

"పిట్టలన్నీ మంచివేనా? మా జొన్న కంకులు ఎవరు తిన్నారు?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేలపట్టు గట్టుమీద మావాళ్ళూ అడిగారు. చిలకలు, పిచ్చుకలు జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు పంటలకు నష్టం చేసే మాట వాస్తవం. చేపల గుంటలు పెట్టినవారికి నీటికాకి మీద కోపం రావటమూ సహజమే. అటువంటప్పుడు విషం పెట్టడం మార్గం కాదు. మెరిసే రిబ్బన్లను రెండు మూడు మెలికలు త్రిప్పి, పైరుకు కొంచెం పైన గుంజలకు కట్టండి. గాలికి మెరుస్తూ, చప్పుడు చేస్తూ పక్షులను బెదరగొడతాయి. చేపల గుంటలకు పైన వల పరవండి. ఒకే ఊళ్ళో ఒక్కరే ముందుగా పంట వేస్తే పక్షులన్నీ ఆ చేలోనే పడతాయి. ఊరంతా ఇంచుమించు ఒకే అదనులో వేసుకుంటే నష్టం పంచుకుపోతుంది.

పొద్దు బారెడెక్కేసరికి మేము గట్టు దిగాము. పక్షులను చూడటానికి ఏమంత ఖర్చు లేదని మీకు తెలిసే వుంటుంది. గట్టిగా మాట్లాడకూడదు. కళ్ళకు కొట్టే రంగు బట్టలు కట్టుకోకూడదు. గూళ్ళ దగ్గరికి పోకూడదు. రాళ్ళు విసరకూడదు. ఇంతే నియమాలు. దుర్భిణి వుంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. ఒక చిన్న పుస్తకంలో ఏ తేదీన ఏ పక్షి మీ చేలో వ్రాలింది, ఏమి తిన్నది అని వ్రాసిపెట్టుకోండి. బడికి పోయే పిల్లలకు ఆ పని అప్పగించండి. రెండు మూడేళ్ళు అట్లా వ్రాస్తే మీ పొలం గురించి నేను చెప్పగలిగినదానికన్న ఎక్కువ మీకే తెలుస్తుంది. నేలపట్టు దాకా రాలేనివారు మీ ఊరి చెరువు గట్టుకే పొండి. ఒక్క ఉదయం చాలు.

చివరగా ఒక్కమాట. కొంగలు చచ్చిన ఆ ఏడాది ఆ తల్లి మడిలో మళ్ళీ కొంగ వ్రాలలేదు. చుట్టూ అందరి చేలలో నాగలి వెంట తెల్లగా దిగేవి, ఆమె చేను మాత్రం బోసిగా వుండేది. "అవి మనల్ని గుర్తు పెట్టుకున్నాయేమో నాయనా" అనేది. గుళికల మందు మళ్ళీ చల్లలేదు. తరువాతి సంవత్సరం దమ్ము చేసే రోజున నేను అటుగా వెళుతూవుంటే గెనిమమీదనుంచి కేకవేసి పిలిచింది. వెళ్ళి చూశాను. దమ్ము చక్రాల వెనక కొంగలు దిగివున్నాయి. "లెక్కపెట్టు నాయనా" అన్నది. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి వున్నాయి.

అప్పటినుంచి ఏ రైతు వచ్చి ఏమడిగినా, "పదండి, చేలోకి పోయి చూద్దాము" అన్న తరువాతనే మరో మాట మాట్లాడుతున్నాను.